చూడ్డానికి ఒకేలా ఉండే రెండు డబ్బాలు: టీపీ-లింక్ ఎస్‌జీ108ఈ స్విచ్, మైక్రోటిక్ హెక్స్ రౌటర్

టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈలో ఎనిమిది గిగాబిట్ పోర్టులు. మైక్రోటిక్ హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్‌లో అయిదు గిగాబిట్ పోర్టులు. రెండింటికీ ఫ్యాన్ లేదు, వైఫై లేదు, కరెంటు ఎడాప్టర్ లోపల కాక విడిగా ఉంటుంది. పోర్టులు లెక్కపెట్టి కొనే మనిషి చేయి మొదటిదాని మీదికే వెళ్తుంది, ఎనిమిది ఉన్నాయి కదా అని. కొన్నిసార్లు అది సరైన నిర్ణయమే. కొన్నిసార్లు ఇంటర్నెట్ ఒక్క కంప్యూటర్‌కే వచ్చి మిగతావన్నీ మొండికేస్తాయి. ఎందుకంటే మొదటిది స్విచ్, రెండోది రౌటర్. ఒకదాని పనిని ఇంకొకదానికి అప్పగిస్తే ఏమవుతుందో, రెండింటినీ కలిపి వాడితే ఏం సాధించవచ్చో ఈ సమీక్షలో చూద్దాం.

తీర్పు ముందే చెబుతాం. పోర్టులు చాలకపోతే స్విచ్ కొనండి. ఒక నెట్‌వర్క్‌ను ఇంకొక నెట్‌వర్క్‌తో కలపాలన్నా, రెండింటి మధ్య కాపలా పెట్టాలన్నా రౌటర్ కొనండి. పోర్టుల కొరతకు రెండో రౌటర్ కొనడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. దాని లక్షణాలు వెంటనే బయటపడవు. ప్రింటర్ దొరకనప్పుడో, టీవీకి ఫోన్ నుంచి వీడియో పంపలేనప్పుడో, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి ఒక పరికరానికి మళ్లించడం) ఎంత చేసినా పని చేయనప్పుడో తెలుస్తాయి.

స్విచ్ ఏం చూస్తుంది

ఎస్‌జీ108ఈ ప్రధానంగా చూసేది మ్యాక్ అడ్రసును, అంటే ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యను. ఒక పోర్టులోకి ఫ్రేమ్, అంటే ఒక డేటా పొట్లం, రాగానే పంపినవారి మ్యాక్‌ను, అది వచ్చిన పోర్టు నంబరును పట్టికలో రాసుకుంటుంది. తర్వాత గమ్యం మ్యాక్ పట్టికలో ఉందా అని చూస్తుంది. ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ ఉద్దేశించిన ఫ్రేమ్, అయితే ఎప్పుడూ అన్నిటికీ వెళ్లాల్సిందే. ఈ పట్టికలో నాలుగు వేల పైచిలుకు అడ్రసులు పడతాయి. కొంతకాలం కనిపించని అడ్రసును స్విచ్ చెరిపేస్తుంది. స్విచ్‌లలో మామూలుగా పెట్టే గడువు 300 సెకన్లు. ఐపీ అడ్రసు, వెబ్‌సైటు, ఇంటర్నెట్ కనెక్షన్ లాంటి వాటితో దీనికి పనే లేదు. స్విచ్‌కు ఒక ఐపీ ఉంటుంది గానీ అది సెట్టింగుల పేజీ తెరవడానికే. ఆ ఐపీ పోయినా ఫ్రేమ్‌లు నడుస్తూనే ఉంటాయి.

డబ్బా మీది రెండు అంకెలను అర్థం చేసుకుంటే ఈ స్విచ్‌కు ఎంత బలం ఉందో తెలుస్తుంది. స్విచింగ్ సామర్థ్యం 16 జీబీపీఎస్: ఎనిమిది పోర్టులు, ఒక్కోదానికి రాకకు ఒక గిగాబిట్, పోకకు ఒక గిగాబిట్. రెండోది సెకనుకు 1.19 కోట్ల ప్యాకెట్లు. ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు, దాని ముందూ వెనకా తీగ మీద పట్టే ఖాళీ 20 బైట్లు. మొత్తం 84 బైట్లు, 672 బిట్లు. వంద కోట్ల బిట్లను 672తో భాగిస్తే సెకనుకు సుమారు 14.88 లక్షల ఫ్రేమ్‌లు. దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే సరిగ్గా ఆ 1.19 కోట్లు. అంటే అన్ని పోర్టులూ ఒకేసారి నిండుగా నడిచినా, ఫ్రేమ్‌లు ఎంత చిన్నవైనా స్విచ్ వెనకబడదు. పని అంతా చిప్‌లో జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ మధ్యలోకి రాదు. చిన్న స్విచ్ ఇంత వేగంగా, ఇంత చల్లగా ఉండడానికి కారణం ఇదే.

ఒకప్పుడు ఈ సౌకర్యం లేదు. స్విచ్‌కు ముందు వాడిన హబ్ అనే డబ్బాలో అందరూ ఒకే 10 ఎంబీపీఎస్‌ను పంచుకునేవాళ్లు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. కల్పన అనే కంపెనీ 1990లో ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్ తెచ్చాక ఆ ఇబ్బంది తొలగడం మొదలైంది. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఇవాళ బల్ల మీద కూర్చునే ఎనిమిది పోర్టుల డబ్బా ఆ వంశంలోదే.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు పరిమితి లేదు. ఒకే స్విచ్‌లో రెండు పోర్టులను ఒక కేబుల్‌తో కలిపేసినా, రెండు స్విచ్‌ల మధ్య తెలియక రెండు కేబుళ్లు వేసినా, ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ చక్కర్లు కొడుతూ పెరిగిపోయి నిమిషంలోపే నెట్‌వర్క్ అంతా నిలిచిపోతుంది. అన్ని పోర్టుల లైట్లూ ఒకే లయలో విపరీతంగా మెరుస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పెద్ద స్విచ్‌లలో ఇందుకు స్పానింగ్ ట్రీ, అంటే అదనపు దారిని గుర్తించి మూసి ఉంచే ఏర్పాటు, ఉంటుంది. ఎస్‌జీ108ఈలో అది లేదు. దాని బదులు లూప్ ప్రివెన్షన్ అనే ఒక మీట ఉంది, తప్పకుండా ఆన్‌లో పెట్టండి. ఒక స్విచ్ ఉన్నచోట ఇది చాలు. కావాలనే రెండు దారులు వేసి, ఒకటి తెగితే ఇంకొకటి నిలబడాలనుకునే చోట మాత్రం ఈ స్విచ్ వద్దు. స్పానింగ్ ట్రీ ఉన్నదే తీసుకోండి.

రౌటర్ ఏం చేస్తుంది

మీ కంప్యూటర్ ఎవరితోనైనా మాట్లాడే ముందు తన ఐపీని, సబ్‌నెట్ మాస్క్‌ను (ఐపీలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే అంకెను) చూసుకుని "అవతలివాడు మన నెట్‌వర్క్‌లోవాడేనా?" అని తేల్చుకుంటుంది. 192.168.10.5, మాస్క్ 255.255.255.0 అనుకోండి. గమ్యం 192.168.10.9 అయితే ఆర్ప్ (ఐపీ చెప్పి మ్యాక్ అడిగే పద్ధతి) ద్వారా నేరుగా దాని మ్యాక్ అడిగి తెలుసుకుంటుంది; మధ్యలో రౌటర్‌తో పని లేదు, స్విచ్ చాలు. గమ్యం 192.168.20.9 అయితే గేట్‌వే మ్యాక్ అడిగి, ఫ్రేమ్‌ను గేట్‌వేకు పంపుతుంది. ఆ గేట్‌వేయే రౌటర్.

హెక్స్‌కు ఆ ఫ్రేమ్ అందగానే బయటి పొర, అంటే మ్యాక్ అడ్రసులున్న పొర ఊడిపోతుంది. లోపలి ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్, అంటే ఆ ప్యాకెట్ ఆయుష్షు లెక్క, ఒకటి తగ్గుతుంది. రూటింగ్ పట్టికలో గమ్యానికి దారి వెతుకుతుంది, ఏది దాటాలో ఏది ఆగాలో చెప్పే ఫైర్‌వాల్ నియమాలు ఒక్కొక్కటే తిప్పుతుంది. ఇంటర్నెట్ వైపు వెళ్లేదైతే లోపలి ప్రైవేటు ఐపీ తీసేసి బయటి ఐపీ రాస్తుంది, జవాబు వచ్చినప్పుడు ఎవరికివ్వాలో గుర్తుపెట్టుకుంటుంది. దీన్నే న్యాట్ అంటున్నాం. ఆ తర్వాత కొత్త మ్యాక్ అడ్రసులతో కొత్త ఫ్రేమ్ కట్టి పంపుతుంది. టీటీఎల్ మామూలుగా 64తోనో 128తోనో మొదలవుతుంది. సున్నాకు చేరితే ప్యాకెట్ చచ్చిపోతుంది. అందుకే రౌటర్ల మధ్య దారి తప్పి చక్కర్లు పడినా ఒక్కో ప్యాకెట్ కొన్ని పదుల అడుగుల తర్వాత ఆగిపోతుంది. స్విచ్‌లో లాగా తుఫాను రాదు.

ఇంత పని ఎక్కువగా ప్రాసెసర్ చేయాలి. హెక్స్‌లో ఉన్నది 880 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు కోర్ల ఎంటీ7621ఏ, 256 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. యూఎస్‌బీ, మైక్రోఎస్‌డీ కూడా ఉన్నాయి. ఇంత చిన్న డబ్బాలో మైక్రోటిక్ సొంత సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ పూర్తిగా దొరకడం దీని గొప్ప. వీపీఎన్, వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచడం), రెండు ఇంటర్నెట్ కనెక్షన్ల మధ్య మార్పిడి, రూటింగ్ ప్రోటోకాల్స్ అన్నీ ఉన్నాయి. ఇంటి రౌటర్‌లో ఒక టిక్ పెట్టి వదిలేసే పనికి ఇక్కడ నాలుగు చోట్ల నమోదు చేయాలి, అది నిజం. కానీ ప్యాకెట్ ఎక్కడ ఆగిందో కళ్లతో చూడవచ్చు: ప్రతి ఫైర్‌వాల్ నియమం పక్కన అది ఎన్ని ప్యాకెట్లను పట్టుకుందో లెక్క నడుస్తూ ఉంటుంది. నెట్‌వర్క్ పని నేర్చుకునేవారికి ఈ లెక్కలకన్నా మంచి గురువు లేదు.

డబ్బా తెరిచి కరెంటు ఇస్తే మొదటి పోర్టు ఇంటర్నెట్ వైపు, రెండు నుంచి అయిదు దాకా లోపలి వైపు. లోపలి ఐపీ 192.168.88.1. డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే సేవ), న్యాట్, మూలమైన ఫైర్‌వాల్ ముందే పెట్టి ఉంటాయి. పాత యూనిట్లలో అడ్మిన్‌కు పాస్‌వర్డ్ ఖాళీ, కొత్తవాటిలో స్టిక్కర్ మీద ఉంటుంది. ఏదైనా సరే, మొదటి పని దాన్ని మార్చడం, రెండో పని రౌటర్‌ఓఎస్ అప్‌డేట్ చేయడం. ఇంటర్నెట్‌కు మొహం చూపించి కూర్చునేది ఈ డబ్బాయే.

వేగం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. మొదటి అమరికలో ఫాస్ట్‌ట్రాక్ అనే నియమం ఉంటుంది. ఒకసారి ఆమోదం పొందిన కనెక్షన్ తాలూకు తర్వాతి ప్యాకెట్లు చాలా తనిఖీలు దాటేసి దగ్గరి దారిన పోతాయి. పెద్ద డౌన్‌లోడ్ గిగాబిట్ దగ్గరికి చేరేది దీనివల్లే. తర్వాత ఎవరో పిల్లల ఫోన్‌కు 10 ఎంబీపీఎస్ హద్దు పెట్టాలని సింపుల్ క్యూ రాస్తారు. హద్దు అసలు పనే చేయదు. ఎందుకంటే ఫాస్ట్‌ట్రాక్‌లో వెళ్లే ప్యాకెట్లు సింపుల్ క్యూను దాటేసి వెళ్తాయి. ఆ నియమాన్ని ఆపితే హద్దు పనిచేస్తుంది, కానీ ప్రతి ప్యాకెట్ భారం ప్రాసెసర్ మీద పడి మొత్తం వేగం బాగా తగ్గుతుంది. రెండూ కావాలంటే హద్దు పెట్టాల్సిన అడ్రసులను మాత్రం ఫాస్ట్‌ట్రాక్ నుంచి మినహాయించాలి. పూర్తి గిగాబిట్ కనెక్షన్ ఉండి, దాని మీద అందరికీ క్యూలు నడపాలనుకునేవారికి ఈ హెక్స్ చాలదు. ఇంకా బలమైన ప్రాసెసర్ ఉన్న మోడల్ చూసుకోండి.

తారుమారు చేస్తే

స్విచ్‌ను నేరుగా ఇంటర్నెట్ ఇచ్చేవారి ఓఎన్‌టీకి (ఫైబర్ మోడెమ్‌కు), అది బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రౌటర్ పని చేయకుండా ఉండగా, తగిలించి నాలుగు కంప్యూటర్లు పెడితే ఏమవుతుంది? సర్వీసు ఇచ్చేవారు సాధారణంగా ఒక కనెక్షన్‌కు ఒక్క ఐపీయే ఇస్తారు. మొదట అడిగిన కంప్యూటర్‌కు అది దక్కుతుంది. మిగతావాటికి జవాబు రాదు. అవి తమంతట తాము 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుని కూర్చుంటాయి. ఐపీ దక్కిన కంప్యూటర్ పరిస్థితి కూడా మంచిది కాదు: దానికీ బయటి ప్రపంచానికీ మధ్య ఏ ఫైర్‌వాల్ లేదు. స్విచ్ లోపం ఇందులో రవ్వంత కూడా లేదు. పంచిపెట్టే పని దానిది కాదు, అంతే.

రెండోవైపు, ఉన్న ఇంటి రౌటర్ వెనక హెక్స్‌ను పోర్టుల కోసం తగిలిస్తే, డబ్బా అమరిక మార్చకపోతే, రెండు న్యాట్‌లు వరసగా పడతాయి. వెబ్‌సైట్లు చక్కగా తెరుచుకుంటాయి కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. హెక్స్ వెనకున్న కంప్యూటర్‌కు మాత్రం ముందు రౌటర్‌లో ఉన్న టీవీ కనిపించదు. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్ఎస్ 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రసుకు వెళ్తుంది, ఆ శ్రేణి అడ్రసులను రౌటర్ అవతలికి దాటనివ్వదు. బయటి నుంచి కెమెరా చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ రెండు చోట్లా చేయాలి. రెండు రౌటర్లూ లోపల 192.168.1 శ్రేణినే వాడుతుంటే ఇంకా ఘోరం. ఇటూ అటూ ఒకే నెట్‌వర్క్ అని చెబుతున్నప్పుడు ప్యాకెట్‌ను ఎటు పంపాలో రౌటర్ తేల్చుకోలేదు. హెక్స్ మొదటి అమరిక 192.168.88 కాబట్టి ఈ ప్రమాదం తక్కువే. మామూలు ఇంటి రౌటర్లు రెండు కలిపినప్పుడు మాత్రం తరచూ తగులుతుంది.

పాత ఇంటి రౌటర్ ఒకటి మూల పడి ఉంది, దాన్నే స్విచ్‌గా వాడాలంటే దారి ఉంది. ముందు దాని డీహెచ్‌సీపీ ఆపండి. దాని లోపలి ఐపీని అసలు రౌటర్ శ్రేణిలోనే, డీహెచ్‌సీపీ పంచని ఒక అంకెకు మార్చండి. ఉదాహరణకు అసలుది 192.168.1.1, అది 100 నుంచి 200 దాకా పంచుతుంటే దీనికి 192.168.1.2. కేబుల్‌ను ల్యాన్ (లోపలి వైపు) పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకే వేయండి, వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టు ఖాళీగా వదిలేయండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే, ఎవరు ముందు జవాబిస్తే వారి అడ్రసు పడుతుంది. ఒకే గదిలో రెండు ఫోన్లలో ఒకదానికి ఇంటర్నెట్ ఉండి ఒకదానికి లేకపోవడానికి ఇది పాత కారణం.

ఇంటి రౌటర్ అని మనం పిలిచే డబ్బాలో నిజానికి నాలుగైదు పరికరాలు ఒకచోట ఉంటాయి: రౌటర్, నాలుగు పోర్టుల స్విచ్, వైఫై యాక్సెస్ పాయింట్, డీహెచ్‌సీపీ, ఒక్కోసారి ఫైబర్ మోడెమ్ కూడా. తేడా ఏమిటని జనం తికమకపడడానికి మూలం ఈ కలగాపులగమే. హెక్స్ లోపల కూడా స్విచ్ చిప్ ఉంది. రెండు నుంచి అయిదు పోర్టుల మధ్య ఫైలు కాపీ చేస్తే ఆ పని చిప్ చేసేస్తుంది, ప్రాసెసర్‌కు తెలియనే తెలియదు. హెక్స్‌లో లోపలి పోర్టులను ఒకటిగా కలిపే అమరిక పేరు బ్రిడ్జ్. ఆ బ్రిడ్జ్ పోర్టుల పట్టికలో పోర్టు పక్కన హెచ్ అనే అక్షరం ఉంటే పని చిప్‌లో జరుగుతున్నట్టు. ఆ అక్షరం మాయమైతే ప్రతి ఫ్రేమ్ ప్రాసెసర్ గుండా పోతోందని అర్థం. వేగం పడిపోతే మొదట చూడాల్సింది అక్కడే.

రెండూ కలిపితే వచ్చే మేలు

అసలు ఈ రెండు డబ్బాలను జంటగా సమీక్షించడానికి కారణం వీల్యాన్. కెమెరాలు, చవక స్మార్ట్ ప్లగ్గులు, అతిథుల పరికరాలు మన కంప్యూటర్ల జోలికి రాకూడదంటే వాటిని వేరే నెట్‌వర్క్‌లో ఉంచాలి. స్విచ్ ఒక్కటే ఉంటే వేరు చేయగలదు, మళ్లీ కావలసినంత మేర కలపలేదు. రౌటర్ ఒక్కటే ఉంటే పోర్టులు చాలవు. కలిపితే ఎనిమిది పోర్టుల్లో ఏడింటిని మనకు నచ్చినట్టు పంచుకోవచ్చు.

కంప్యూటర్లకు వీల్యాన్ 10, కెమెరాలకు వీల్యాన్ 20 అనుకుందాం. స్విచ్ మొదటి పోర్టు నుంచి హెక్స్ రెండో పోర్టుకు ఒక కేబుల్. పని మొదలుపెట్టే ముందు స్విచ్‌కు స్థిరమైన ఐపీ ఇచ్చేయండి: 192.168.10.2, గేట్‌వే 192.168.10.1, డీహెచ్‌సీపీ క్లయింట్ ఆఫ్. ఇది ముందే చేయకపోతే మధ్యలో దాని అడ్రసు ఏదైందో వెతుక్కోవాల్సి వస్తుంది; డీహెచ్‌సీపీ దొరకకపోతే అది 192.168.0.1కు వెళ్లిపోతుంది. ఐపీ మార్చగానే పేజీ ఆగిపోతుంది. మీ కంప్యూటర్‌కు కాసేపు 192.168.10.50 చేత్తో పెట్టుకుని తిరిగి తెరవండి.

స్విచ్‌లో 802.1క్యూ వీల్యాన్ ఆన్ చేయండి. వీల్యాన్ 10 సృష్టించి మొదటి పోర్టును ట్యాగ్డ్‌గా (ఫ్రేమ్ మీద వీల్యాన్ నంబరు రాసి పంపేలా), రెండు నుంచి అయిదు దాకా అన్‌ట్యాగ్డ్‌గా (ఆ నంబరు లేకుండా) పెట్టండి. వీల్యాన్ 20లో మొదటిది ట్యాగ్డ్, ఆరు నుంచి ఎనిమిది దాకా అన్‌ట్యాగ్డ్. ఇక్కడితో అయిపోయిందని చాలామంది ఆగిపోతారు, ఇక్కడే పని చెడుతుంది. ఈ స్విచ్‌లో పీవీఐడీ వేరే పేజీలో ఉంటుంది. సభ్యత్వం అనేది స్విచ్ నుంచి బయటికి వెళ్లే ఫ్రేమ్‌ల సంగతి చెబుతుంది. ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చే ఫ్రేమ్ ఏ వీల్యాన్‌కు చెందుతుందో చెప్పేది పీవీఐడీ. అది మార్చకపోతే కంప్యూటర్ అడిగిన డీహెచ్‌సీపీ ప్రశ్న వీల్యాన్ 1లోకి పోతుంది, జవాబు రాదు, తెర మీద 169.254 కనిపిస్తుంది. రెండు నుంచి అయిదుకు పీవీఐడీ 10, ఆరు నుంచి ఎనిమిదికి 20, మొదటిదానికి 1 అలాగే ఉండనివ్వండి. తర్వాత రెండు నుంచి ఎనిమిది దాకా వీల్యాన్ 1 సభ్యత్వం తీసేయండి. అన్నిటికన్నా చివర సేవ్ కాన్ఫిగ్ నొక్కండి. అది నొక్కకుండా కరెంటు పోతే చేసిన పనంతా పోతుంది.

హెక్స్ వైపు పనిని విన్‌బాక్స్ అనే మైక్రోటిక్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో, కంప్యూటర్‌ను మూడో పోర్టుకో నాలుగో పోర్టుకో తగిలించి చేయండి. సేఫ్ మోడ్ నొక్కి మొదలుపెడితే, ఏదైనా తప్పు చేసి కనెక్షన్ తెగిపోయినప్పుడు మార్పులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. రెండో పోర్టును బ్రిడ్జ్ నుంచి తీసేయండి. దాని మీద ఐడీ 10తో ఒకటి, ఐడీ 20తో ఒకటి, రెండు వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు సృష్టించండి. మొదటిదానికి 192.168.10.1/24, రెండోదానికి 192.168.20.1/24 అడ్రసులు ఇచ్చి, డీహెచ్‌సీపీ సెటప్ విజార్డ్‌ను రెండింటికీ విడివిడిగా నడపండి.

ఇప్పుడు ఐపీ వస్తుంది కానీ వెబ్‌సైట్ల పేర్లు తెరుచుకోవు. కారణం ఇంటర్‌ఫేస్ లిస్టు. హెక్స్ మొదటి ఫైర్‌వాల్ "ల్యాన్ జాబితాలో లేని చోటి నుంచి నా దగ్గరికి వచ్చేవన్నీ వదిలెయ్" అంటుంది. కొత్త వీల్యాన్‌లు ఆ జాబితాలో లేవు, అందుకని డీఎన్ఎస్ ప్రశ్నలు (పేరు చెప్పి ఐపీ అడిగేవి) కింద పడిపోతున్నాయి. రెండింటినీ ల్యాన్ జాబితాలో చేర్చండి, అంతా తెరుచుకుంటుంది.

తెరుచుకోవడమే అసలు ప్రమాదం. మొదటి అమరికలో లోపలి నెట్‌వర్క్‌ల మధ్య అడ్డేమీ లేదు. వీల్యాన్ వేరు చేశాం కాబట్టి కెమెరా మన కంప్యూటర్‌ను చూడలేదు అనుకోవడం తప్పు: రెండింటికీ అడ్రసు ఇచ్చిన రౌటరే రెండింటి మధ్యా ప్యాకెట్లు మోస్తుంది, అది దాని ధర్మం. ఫార్వర్డ్ చైన్‌లో (రౌటర్ గుండా దాటిపోయే ప్యాకెట్ల నియమాల వరసలో) వీల్యాన్ 20 నుంచి వీల్యాన్ 10కు వెళ్లేవన్నీ డ్రాప్ చేసే నియమం రాయాలి. అది ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (ముందే మొదలైన, వాటికి సంబంధించిన) కనెక్షన్లను అనుమతించే నియమం కింద ఉండాలి. పైన పెడితే కంప్యూటర్ కెమెరాను అడిగినా జవాబు వెనక్కి రాదు. కెమెరా ఇంటర్నెట్‌కు కూడా వెళ్లకూడదనుకుంటే వీల్యాన్ 20 నుంచి వ్యాన్‌కు ఇంకొక డ్రాప్ నియమం.

వేగం సంగతి: ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య కాపీ స్విచ్‌లోనే ముగుస్తుంది. ఐపెర్ఫ్3తో కొలిస్తే 940 ఎంబీపీఎస్ చుట్టుపక్కల రావాలి. ప్రతి ఫ్రేమ్‌కు తీగ మీద 1538 బైట్లు పడితే అందులో అసలు సరుకు 1448 బైట్లే, కాబట్టి గిగాబిట్‌లో అంతకన్నా ఆశించకూడదు. వీల్యాన్ 10 నుంచి 20కి వెళ్లేదంతా ఆ ఒక్క కేబుల్ గుండా హెక్స్‌కు ఎక్కి, మళ్లీ అదే కేబుల్ మీద దిగాలి. ఎంతమంది కాపీ చేసినా ఒక్కో దిశలో ఒక్క గిగాబిట్‌నే పంచుకుంటారు, పైగా ప్రాసెసర్ భారం. కాబట్టి ఫైళ్ల సర్వర్‌ను, దాన్ని ఎక్కువగా వాడే కంప్యూటర్లను ఒకే వీల్యాన్‌లో ఉంచండి. వీల్యాన్‌ల మధ్యే భారీ రాకపోకలు ఉంటే లేయర్ 3 స్విచ్ కావాలి. అది రూటింగ్‌ను కూడా చిప్‌లో చేస్తుంది, అయితే న్యాట్, గట్టి ఫైర్‌వాల్ దాని నుంచి ఆశించకండి. ఇంటర్నెట్ గుమ్మంలో రౌటర్ ఉండాల్సిందే.

ఇబ్బంది పెట్టే లోపాలు

ఎస్‌జీ108ఈ సెట్టింగుల పేజీ హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది, పాస్‌వర్డ్ గుప్తలేఖనం లేకుండా తీగ మీద పోతుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఆ పేజీ ఒక వీల్యాన్‌కే పరిమితం కాకపోవచ్చు. పరీక్ష తేలిక: ఏడో పోర్టులో, అంటే వీల్యాన్ 20లో, ఒక కంప్యూటర్ పెట్టి దానికి చేత్తో 192.168.10.50 ఇచ్చి 192.168.10.2 తెరిచి చూడండి. తెరుచుకుంటే, కెమెరాల వైపు నుంచి కూడా స్విచ్‌ను మార్చేయవచ్చన్నమాట. పొడవైన పాస్‌వర్డ్ తప్పనిసరి. ఎవరైనా వచ్చి కేబుల్ గుచ్చుకునే చోట ఈ స్విచ్‌ను కాపలాగా నమ్మకండి; మేనేజ్‌మెంట్ వీల్యాన్, హెచ్‌టీటీపీఎస్ ఉన్న పై తరగతి స్విచ్ పెట్టండి. ఇంకొకటి, ఈ మోడల్ చాలా హార్డ్‌వేర్ వెర్షన్లలో వచ్చింది. అడుగున స్టిక్కర్ మీది వెర్షన్ చూసి దానికి సరిపడే ఫర్మ్‌వేరే వేయాలి. మరీ పాతవాటిలో పోర్టును వీల్యాన్ 1 నుంచి తీయడానికి వీలుండేది కాదు, వాడినవి కొనేవారు ఇది గమనించాలి.

రెండింటిలో ఏదీ కెమెరాకు కేబుల్ ద్వారా కరెంటు ఇవ్వదు. అది కావాలంటే 802.3ఏఎఫ్ పీఓఈ స్విచ్, పోర్టుకు 15.4 వాట్లు, ఎక్కువ తినే కెమెరాలకు 802.3ఏటీ, 30 వాట్లు. హెక్స్ మొదటి పోర్టులో మాత్రం కరెంటు లోపలికి తీసుకునే వీలుంది, అది 8 నుంచి 30 వోల్టుల పాసివ్ రకం. 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పరికరం) తగిలిస్తే హెక్స్ కాలిపోవచ్చు. కొనుక్కున్న ఇంజెక్టర్ మీది వోల్టేజీ చదవకుండా గుచ్చకండి.

ఎక్కడ ఆగిందో ఎలా పట్టాలి

గిగాబిట్ పోర్టులో 94 ఎంబీపీఎస్ దగ్గర వేగం ఆగిపోతే తప్పు స్విచ్‌దీ కాదు, రౌటర్‌దీ కాదు. గిగాబిట్‌కు కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఒక తీగ సరిగా క్రింప్ కాకపోతే లింకు మౌనంగా 100కు దిగిపోతుంది. ఎస్‌జీ108ఈలో పోర్ట్ సెట్టింగ్ పేజీ అసలు వేగం చూపిస్తుంది, కేబుల్ టెస్ట్ ఏ జత తెగిందో, సుమారుగా ఎంత దూరంలో తెగిందో చెబుతుంది. ఈ తరగతి స్విచ్‌లో అది చాలా విలువైన సౌకర్యం. ఈ ఒక్కదాని కోసమైనా, సెట్టింగులు లేని మామూలు ఎస్‌జీ108 కన్నా ఈ మోడల్‌నే ఎంచుకుంటాం.

దారిలోని రౌటర్లను వరసగా చూపే ట్రేస్‌రూట్ ఆదేశం నడిపితే స్విచ్‌లు కనిపించవు, ఎన్ని ఉన్నా సరే. అవి టీటీఎల్ జోలికి పోవు. రౌటర్లు మాత్రం ఒక్కో అడుగుగా కనిపిస్తాయి. మొదటి రెండు అడుగులూ 192.168తో మొదలైతే ఇంట్లోనే రెండు న్యాట్‌లు ఉన్నాయని అనుమానించండి. రెండో అడుగు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే రెండో న్యాట్ సర్వీసు ఇచ్చేవారి దగ్గర ఉంది. మీ రౌటర్‌లో ఎంత పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా బయటి నుంచి కనెక్షన్ రాదు, వారిని పబ్లిక్ ఐపీ అడగాలి.

గేట్‌వేకు పింగ్ వెళ్లకపోతే ఆర్ప్ పట్టిక చూడండి. అందులో గేట్‌వే మ్యాక్ ఉంటే స్విచ్ దాకా, కేబుల్ దాకా అంతా బాగున్నట్టే, రౌటర్ ఫైర్‌వాల్ వైపు చూడాలి. మ్యాక్ లేకపోతే సమస్య కిందనే ఉంది: కేబుల్, పీవీఐడీ, లేదా తప్పు పోర్టు. అప్పుడు విన్‌బాక్స్ నైబర్స్ జాబితా తెరవండి. హెక్స్‌కు ఐపీ లేకపోయినా, తప్పు ఐపీ ఉన్నా మ్యాక్ అడ్రసుతోనే కనెక్ట్ కావచ్చు, మధ్యలో స్విచ్‌లు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు. మధ్యలో ఇంకొక రౌటర్ ఉంటే మాత్రం జాబితాలో హెక్స్ కనిపించదు. అప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నేరుగా దాని మూడో పోర్టుకు తగిలించడమే.